తెక్వానే గూటి మీద ఎర్రగుడ్డ

సెప్టెంబరు 9, బుధవారం

ఆడపిల్ల! నాకు ఆడపిల్ల పుట్టింది! అరవై ఆరేళ్ళొచ్చి, ఊపిరితిత్తుల నిండా గని దుమ్ము మోస్తున్న ఈ ముసలాడికి కూతురు పుట్టింది. చెయ్యి తృప్తి పడేదాకా రాసుకుంటాను. ఆడపిల్ల, ఆడపిల్ల, నా ఆడపిల్ల.

పొద్దున ఆవుల్ని మేతకి వదిలే వేళకి పుట్టింది. నన్ను లోపలికి రానివ్వలేదు. బొడ్డు ఊడి పడేదాకా ఆ గుండ్రటి ఇంట్లోకి మగవాడు అడుగు పెట్టకూడదు, అది నాకు కొత్తేమీ కాదు, మూడుసార్లు ఇలాగే బయట నిలబడ్డాను. అందుకే ఈసారి మట్టిగోడకి చెవి ఆనించి నిలబడ్డాను. ఏడుపు వినపడింది. సన్నగా, కోపంగా, ఎవరో అప్పు ఎగ్గొట్టినట్టు. నవ్వొచ్చింది, ఆ వెంటనే చెవి ఇంకా గట్టిగా ఆనించాను. ఆ ముగ్గురూ ఇలాగే గట్టిగా ఏడ్చారు మరి. పెద్దవాడు నలభై రోజులు ఉన్నాడు. రెండోవాడు ఐదు నెలలు. ఆ తర్వాత పిల్ల, గోడ పట్టుకుని నిలబడేదాకా వచ్చింది.

ఇవాళ అవి రాయకూడదు.

మా ఊరి మంత్రసాని నోసాఫో అవ్వ బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ అంది: "ఏంటి టోలో, గోడకి బల్లిలా అతుక్కున్నావు? ఆడపిల్ల. తల్లి బాగుంది. పో, పోయి నీ ఆవులకి చెప్పుకో."

నిజంగానే వెళ్ళి చెప్పాను. పదకొండు ఆవులకీ పేరు పెట్టి పిలిచి చెప్పాను.

తెక్వానే పిట్ట ఒకటి ముక్కున పుల్ల కరుచుకుని ఇంటి మీదుగా వాగు వైపు పోయింది. గూడు కడుతున్నట్టుంది. కట్టుకోనీ, ఇవాళ లోకంలో ఎవరైనా ఇల్లు కట్టుకోవచ్చు. మా ఇంటి మీద అరవకుండా పోయింది, అంతే చాలు.

సెప్టెంబరు 10

నేను తండ్రిని.

సెప్టెంబరు 13, ఆదివారం

జామిలే వచ్చాడు. గనిలో ఇరవై రెండేళ్ళు నా పక్క మంచం వాడు, ఇప్పుడు నా పక్క ఇంటివాడు. పశువుల దొడ్డి గోడ మీద కూర్చుని జొన్న కల్లు తాగాం.

"నీ కూతురికి పళ్ళొచ్చేసరికి నీవి ఊడిపోతాయిరా," అన్నాడు.

"ఇప్పటికే సగం పోయాయి. దానికి దారి ఇస్తున్నా."

"దాని పెళ్ళికి నిన్ను మోసుకుపోవాలి మేం."

"మోస్తావు. మొయ్యక ఏం చేస్తావు?"

అలా నవ్వుకున్నాం. వాడు వెళ్ళాక చాలాసేపు లెక్క వేసుకున్నాను, దానికి పదేళ్ళొచ్చేసరికి నాకెన్నని. ఆ లెక్క మధ్యలో వదిలేశాను. ముందు నలభై రోజులు దాటనీ.

లోపలి నుంచి నా భార్య మాబేలే కేకేసి చెప్పింది, పాపకి నా చెవులే వచ్చాయట. నా చెవులు! అంత పెద్ద చెవులు అంత చిన్న తలకి! పట్టలేని సంతోషంతో మూడుసార్లు దొడ్డి ఊడ్చాను.

సెప్టెంబరు 18, శుక్రవారం

బొడ్డు ఊడింది. పాపని చూశాను.

ఎలా ఉందో రాయడానికి నా నాలుగో తరగతి చదువు చాలదు. చేతుల్లో పెట్టారు. రొట్టెముద్ద అంత బరువు. నా బొటనవేలు పట్టుకుని వదల్లేదు. ఇన్నేళ్ళు రాళ్ళు పగలగొట్టిన వేలు అది.

బొడ్డు పాతే దగ్గర నోసాఫో అవ్వతో గొడవయింది. ఎర్రమన్ను పట్టించిన చిన్న గుడ్డలో చుట్టి పెట్టుకుంది ఆవిడ. "ఇది ఆడవాళ్ళ పని. ఇంటి వెనక పాతుతాం, ఎప్పటిలాగే," అంది.

ఎప్పటిలాగే అనే మాట నాకు నచ్చలేదు. "నా బొడ్డు పశువుల దొడ్డిలో ఉంది. మా నాన్నదీ అక్కడే. నా కూతురిది కూడా అక్కడే ఉండాలి, నా చేత్తో నేనే పాతుతాను," అన్నాను.

"మతి పోయిందా? మగపిల్లాడా ఏమన్నా?"

"మగపిల్లాడి కంటే ఎక్కువ."

"సంతోషం ఎక్కువైతే మనిషి కళ్ళు మూసుకుపోతాయి టోలో," అంది. మాబేలే లోపలి నుంచి, "ఇచ్చేయి అవ్వా, పది రోజుల నుంచి ఎండలో కుక్కలా కాచుకున్నాడు," అంది. అవ్వ నా చేతిలో పెట్టింది. ఏమీ బరువు లేదు దానికి.

పాతాను. బాగా లోతుగా పాతాను. పైన రాయి పెట్టాను. కాలితో తొక్కాను, గట్టిగా. పెద్ద రాయి పెట్టాను. పాతాను.

సెప్టెంబరు 19

బాగా నిద్ర పట్టింది. భయపడేందుకేమీ లేదు.

సెప్టెంబరు 21, సోమవారం

పొద్దున్న ఆ తెక్వానే దొడ్డి గేటు మీద కూర్చుంది. తల వెనక జుట్టు సుత్తిలా పొడుచుకుని, అటు తిప్పి ఇటు తిప్పి నన్నే చూసింది. పేడముద్ద విసిరాను. ఎగిరి మా ఇంటి కప్పు మీదుగా పోతూ అరిచింది. ఒకసారే. రెండుసార్లేమో.

మొన్న రాసింది అబద్ధం. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. దీనికే అబద్ధం చెబితే ఇక నిజం ఎక్కడ దాచుకోను?

జరిగింది ఇది. ఆగస్టుతో చలికాలం పోయినా వాన లేక నేల ఇనుములా ఉంది. మోచేతి లోతు తవ్వేసరికి ఆయాసం వచ్చింది. ఎర్రగుడ్డ మూట గేటు పక్క రాతిగోడ మీద పెట్టాను. అప్పుడే దారి మీద నుంచి జామిలే కేకేశాడు: "ఏరా ముసలి ఎద్దూ, చూశావా కూతుర్ని?" పరిగెత్తాను. వాణ్ణి కౌగిలించుకున్నాను. గంతులు వేశాం. అవును, ఇద్దరు ముసలాళ్ళం దారి మధ్యలో, గనిలో ఆదివారాలు వేసినట్టు బూట్లు కొట్టుకుంటూ. ఎంతసేపని? కొంచెంసేపే.

తిరిగొచ్చేసరికి గోడ మీద మూట లేదు. తలెత్తి చూస్తే ఆ పిట్ట వాగు వైపు పోతోంది. ముక్కున ఎర్రగా వేలాడుతోంది.

గుమ్మంలోంచి అవ్వ నన్నే చూస్తోంది. ఏం చెయ్యను? ఖాళీ గొయ్యి పూడ్చాను. రాయి పెట్టాను. కాలితో తొక్కాను.

సెప్టెంబరు 22

ఎవరికీ చెప్పలేదు.

సెప్టెంబరు 24, గురువారం

ఆవుల్ని తోలుకెళ్ళే నెపంతో వాగు దగ్గరికి పోయాను. మేడిచెట్టు రెండు కొమ్మల మధ్య ఉంది గూడు. ఎంత గూడు! అందులో నా ఇల్లు సగం పడుతుంది. వేల పుల్లలు, వాటి మధ్య కుక్కిన గడ్డి, బురద. కప్పు మీద అది ఏరుకొచ్చిన సరుకంతా పరిచింది. పాము కుబుసం, ఎముకలు, నీలం ప్లాస్టిక్ సంచి ముక్క. ఆ మధ్యలో నా ఎర్రగుడ్డ. నాది కాదు, నా కూతురిది.

చిన్నప్పుడు మా అమ్మ చెప్పేది. ఎవరి వెంట్రుక గానీ, ఎవరి గుడ్డ గానీ తెక్వానే గూట్లో పడితే ఆ మనిషి దానివాడే, ఎప్పుడు కావాలంటే అప్పుడు పిలుచుకుంటుంది. పోనీ గూడు పీకేద్దామా అంటే, గూట్లో ఒక్క పుల్ల కదిపినా పిడుగు ఆ మనిషి ఇల్లు వెతుక్కుంటూ వస్తుంది. ఎగువ ఊళ్ళో బండి తోలే ఒకాయన గూడు తగలబెట్టాడు. వారం తిరక్కుండా ఆయన ఇంటి మీద పిడుగు పడింది. ఆ నల్లటి గోడలు నేను కళ్ళారా చూశాను, వాటి మధ్య మొలిచిన గడ్డిని మేకలు కూడా ముట్టుకోలేదు.

తియ్యకపోతే పిల్ల. తీస్తే ఇల్లు. ఇంట్లో ఉన్నదీ ఆ పిల్లే.

పిట్ట కింద వాగులో నిలబడి నీళ్ళలోకి చూస్తోంది. కదలదు. కప్పల కోసం చూస్తుందని చదువుకున్నవాళ్ళు అంటారు. పోబోయేవాళ్ళ ముఖాలు దానికి నీళ్ళలో కనపడతాయని మా అమ్మ అనేది. కనపడగానే వచ్చి ఆ ఇంటి మీద మూడుసార్లు అరుస్తుందని. అది ఎగిరిపోయాక నేను కూడా వెళ్ళి వంగి చూశాను. ముడతలు పడ్డ ముఖం, పెద్ద చెవులు.

పిట్టా, నువ్వు చూసింది ఈ చెవులేనా? ఇవే అయి ఉండాలి. పెద్ద చెవులనే చూసి ఉండాలి. ముసలివి.

సెప్టెంబరు 27, ఆదివారం

పాప ఒళ్ళు కాలుతోంది. పాలు పట్టడం లేదు. నిన్న క్లినిక్కి తీసుకెళ్ళాం, నర్సు మందు సీసా ఇచ్చింది, చుక్కలు ఎలా వెయ్యాలో మూడుసార్లు చెప్పింది, మందు అయ్యాక మళ్ళీ తీసుకురమ్మంది.

మాబేలే నన్ను అడిగింది, ముఖంలోకి చూడకుండా, పాపని ఊపుతూ: "బొడ్డు బాగా పాతావు కదా? అవ్వ అంటోంది, సరిగ్గా పాతకపోతే పిల్ల ఒకచోట కుదురుకోదట."

"రాయి కూడా పెట్టాను," అన్నాను.

రాయి పెట్టిన మాట నిజమే.

పొద్దున ఇంటి మీద అరిచింది. రెండుసార్లు. మూడోది నా దగ్గు అనుకుంటాను. నేను దగ్గుతున్నాను అప్పుడు.

సెప్టెంబరు 28

చుక్కలు వేశాం. పాప తక్కువ ఏడుస్తోంది. తక్కువ ఏడవడం నాకు అసలు నచ్చడం లేదు.

సెప్టెంబరు 29, మంగళవారం

జామిలేని సాయం రమ్మన్నాను, నిచ్చెన పట్టుకోమని. నా నశ్యం డబ్బా తెక్వానే ఎత్తుకుపోయిందని చెప్పాను.

"నశ్యం డబ్బా కోసం పిడుగుతో పెట్టుకుంటావా? నాదిస్తా తీసుకో," అన్నాడు.

"అది మా నాన్నదిరా."

"మీ నాన్న నశ్యం పీల్చడం నేనెప్పుడూ చూళ్ళేదే!" అయినా వచ్చాడు. వాడు ఎప్పుడూ వస్తాడు. గనిలో పైకప్పు కూలిన రోజు కూడా వచ్చాడు.

చెట్టు కింద నిలబడి తలెత్తి చూశాడు. ఎర్రగుడ్డ కనపడింది. ఆ గుడ్డ ఏమిటో మా వైపు ఎవరికైనా ఇట్టే తెలుస్తుంది. నిచ్చెన చెట్టుకి ఆనించాడు.

"ఆ రోజు మనం గంతులు వేసినప్పుడా?" అన్నాడు.

తలూపాను.

"అయితే సగం తప్పు నాది. ఎక్కు. పట్టుకుంటా."

ఎక్కాను. ప్రతి మెట్టుకీ ఛాతీలో ఈల వేస్తోంది. పైకి పోయి చెయ్యి చాపితే గుడ్డ అందింది. అందింది గానీ రాలేదు. బురదతో మెత్తేసింది, ఎండి పెంకు అయిపోయింది. మన ఆడవాళ్ళు గోడకి మట్టి అలికినంత శ్రద్ధగా మెత్తింది. గుడ్డ రావాలంటే చుట్టూ పుల్లలు పీకాలి. కళ్ళు మూసుకుని ఒకటి పీకాను.

అవతలి కొండ మీద ఉరిమింది. ఈ ఏడాది మొదటి ఉరుము.

"పెట్టెయ్‌రా! ఎక్కడ తీశావో అక్కడ పెట్టెయ్!" జామిలే అరిచాడు.

పెట్టబోయాను. పట్టలేదు. ఇటు తిప్పాను, అటు తిప్పాను. ఆ పిట్ట చేతులు లేకుండా వేల పుల్లలు ఇమిడ్చింది, నేను పది వేళ్ళతో ఒక్కటి ఇమిడ్చలేకపోయాను. కింద నీళ్ళలో నిలబడి అది నన్ను చూస్తోంది. అరవలేదు. అరిచినా బాగుండేది.

దిగి చూసేసరికి నిచ్చెన కింద ఎవరూ లేరు. జామిలే ఇరవై అడుగుల దూరంలో టోపీ తీసి పిట్టకి దణ్ణం పెడుతున్నాడు. "నేను నిచ్చెన మాత్రమే పట్టుకున్నానమ్మా, అది కూడా చివరిదాకా పట్టుకోలేదు," అంటున్నాడు.

పుల్ల నా కోటు జేబులో ఉంది. పారెయ్యడానికి చేతులు రావడం లేదు.

సెప్టెంబరు 30

కొండల మీద మబ్బులు. నా జేబులో పుల్ల.

అక్టోబరు 1, గురువారం

ఇవాళే రాయాలి.

మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి చీకటి కమ్మింది. ఆవుల్ని తోలుకొచ్చి దొడ్డిలో పెట్టాను. మెరుపు చూసి పిడుగు రాకుండా మాబేలే అద్దం మీద దుప్పటి కప్పింది, మెరిసే గిన్నెలన్నీ బోర్లించింది. నేల మీద చాప వేసుకుని కూర్చున్నాం, పిడుగులప్పుడు మాట్లాడకూడదు కదా. పాప ఆవిడ ఒళ్ళో ఉంది. చెయ్యి పెడితే నిప్పుకణిక. అవ్వ గోడకి ఆనుకుని పెదాలు కదుపుతోంది.

వాన మొదలవలేదు. అదే భయం. పొడి ఉరుములు, కొండ మీద నుంచి ఒక్కో అడుగే వేసుకుంటూ వస్తున్నాయి, ఇల్లు వెతుక్కుంటున్నట్టు. నా కోటు జేబు రొమ్ముకి ఆనుకుని బరువుగా ఉంది. గనిలో పైకప్పు విరిగే ముందు ఒక చప్పుడు వస్తుంది, కర్ర మెల్లిగా వంగుతున్నట్టు. అది వింటూ పనిచేశాను నేను. కానీ అప్పుడు నా ఒళ్ళో పిల్ల లేదు.

ఒక్కసారిగా ఇల్లంతా తెల్లగా అయిపోయింది. చప్పుడు చెవుల్లో కాదు, పళ్ళలో వినపడింది. ఏదో కాలిన వాసన. పాప ఉలిక్కిపడి చేతులు చాపింది, అరవలేదు.

"పాతలేదు," అన్నాను.

అవ్వ "ఉష్" అంది.

"మాబేలే, బొడ్డు పాతలేదు. తెక్వానే ఎత్తుకుపోయింది. నేను గోడ మీద పెట్టి గంతులు వేశాను. ఖాళీ గొయ్యి పూడ్చాను. గూట్లోంచి పుల్ల పీకాను, ఇదిగో." జేబులోంచి తీసి చాప మీద పెట్టాను. "పిడుగు నాకోసం వస్తోంది. నేను బయటికి పోతాను. నేను ఇక్కడుంటే మీ మీద పడుతుంది."

లేచాను. నిజంగానే పోదామనుకున్నాను. కొండ వైపు, వీలైనంత దూరం.

"కూర్చో!" అంది మాబేలే. పెళ్ళయి ఇరవై ఏళ్ళలో ఆ గొంతు వినలేదు నేను. కూర్చున్నాను.

పుల్లని చూసింది. పాపని చూసింది. అవ్వ అరచేతులతో ముఖం కప్పుకుని, "నేను చెప్పలేదా, నేను చెప్పలేదా," అంటోంది. బయట వాన మొదలైంది. మొదట కప్పు మీద నాలుగు చుక్కలు, తర్వాత కుండపోత.

ఆ చప్పుడులో మాబేలే మాట్లాడింది, గట్టిగా కాదు. "అవ్వా, నా ముగ్గురి బొడ్డులూ ఎవరు పాతారు?"

"నేనేనమ్మా. ఈ చేతులతోనే."

"సరిగ్గా పాతావా?"

"మా అత్త నేర్పినట్టే. అణుమాత్రం తేడా లేకుండా."

"ఊఁ. నేలకి బొడ్డు ఇచ్చాం. ముగ్గురికీ ఇచ్చాం. బొడ్డుతో ఆగిందా నేల? పిల్లల్ని కూడా అడిగి తీసుకుంది. ఇంటి వెనక బొడ్డులు, వాటికి పది అడుగుల్లో వాళ్ళూ." పాపని దగ్గరికి లాక్కుంది. "దీనిది చెట్టు మీద ఉంటే ఉండనీ. నేలకి అందకుండా ఉండనీ."

అవ్వ చేతులు దించింది. అరవై ఏళ్ళ నుంచి ఈ ఊళ్ళో బొడ్డులు పాతుతున్న ఆ చేతుల్ని తిప్పి తిప్పి చూసుకుంది.

"పిట్ట దానికేమవుతుంది మరి?" అన్నాను నేను, చిన్నపిల్లాడిలా.

"నాకు అన్నదమ్ములు లేరు. పాపకి మేనమామ లేడు," అంది. "ఇప్పుడు ఉన్నాడనుకో. మేనకోడలి వస్తువు మేనమామ ఇంట్లో ఉంటే తప్పేముంది? నువ్వు మాత్రం ఆయన ఇంట్లో తీసిన పుల్ల ఆయనకిచ్చి రా, దొంగమొహమా."

అలా అంటూనే ఏడ్చింది. నేను కూడా. అవ్వ మమ్మల్నిద్దరినీ తిడుతూ తనూ ఏడ్చింది. పాప ఒక్కతే ఏడవలేదు, వాన వింటోంది.

వాన తగ్గాక బయటికి పోయి చూశాను. దొడ్డి గేటు గుంజ నిలువునా చీలిపోయి పొగలు కక్కుతోంది. ఆవులన్నీ అవతలి మూల కుప్పగా నిలబడ్డాయి, ఒక్కదానికీ ఏం కాలేదు. గుంజకి మూడు అడుగుల్లో నేను పెట్టిన రాయి ఉంది, కింద ఖాళీ గొయ్యితో.

అవ్వ వచ్చి రాయినీ గుంజనీ మార్చి మార్చి చూసింది. "నువ్వు నిజంగా ఇక్కడ పాతి ఉంటే..." అని ఆగిపోయింది.

అక్టోబరు 3, శనివారం

పుల్ల తీసుకుపోయి మేడిచెట్టు మొదట్లో పెట్టాను. జామిలే కూడా వచ్చాడు, దూరంగా నిలబడి. కొంచెం కల్లు పోశాను నేల మీద. ఏం మాట్లాడాలో తెలియక, "మీ ఇంటి వస్తువు పొరపాటున మా ఇంటికి వచ్చింది," అన్నాను.

తిరిగి చూస్తే పుల్ల అక్కడే ఉంది. సాయంత్రం ఆవుల్ని తోలుకొచ్చేటప్పుడు లేదు. గాలికి పోయిందేమో. వాగు పొంగి తీసుకుపోయిందేమో. వాగు అంతదాకా రాలేదు.

పాప ఒంటి వేడి తగ్గింది. పాలు తాగుతోంది, చప్పుడు చేస్తూ, సిగ్గు లేకుండా. నర్సు మందుకి దణ్ణం పెట్టాలా, వాగుకా, మాబేలేకా? ముగ్గురికీ పెట్టాను. ఎవరికి తక్కువైనా ప్రమాదమే.

అక్టోబరు 6

పేరు పెట్టాం. నోతెక్వానే, ఆ పిట్ట పేరే. అవ్వ మూడు రోజులు మాట్లాడనంది. పొద్దున మొదలుపెట్టిన అలక మధ్యాహ్నానికి తీరిపోయింది, పాపకి నలుగు పెట్టే వేళయింది కదా.

మా వైపు కొత్త మనిషి కనపడితే ఏ ఊరని అడగం, నీ బొడ్డు ఎక్కడ ఉందని అడుగుతాం. గనిలో చీకట్లో ముఖాలు కనపడని చోట కూడా అదే అడిగేవాళ్ళం, వాడు కొండ పేరో వాగు పేరో చెబితే మా వాడేనని తెలిసేది. రేపు నా కూతుర్ని కూడా అడుగుతారు. అది ఏం చెబుతుందో ఇప్పటి నుంచే నేర్పుతున్నాను, చెవిలో. "మేడిచెట్టు మీద, మా మామ ఇంట్లో." వింటుంది. అంత పెద్ద చెవులున్నది వినకేం చేస్తుంది?

అక్టోబరు 19, సోమవారం

ఇవాళ్టికి నలభై ఒకటో రోజు. పెద్దవాడు దాటని రోజు దాటింది. ఎవరికీ చెప్పలేదు. మాబేలే కూడా చెప్పలేదు, కానీ పొద్దున లేవగానే పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది, నేను నిద్రపోతున్నాననుకుని. నేను అంతకు ముందే చూశాను.

భయం పోలేదు. పోతుందని ఎవరైనా చెబితే వాళ్ళకి పిల్లలు లేరన్నమాట. దగ్గితే భయం, దగ్గకపోతే భయం. ఐదు నెలలు ఇంకా దూరం ఉంది. గోడ పట్టుకుని నిలబడే రోజు ఇంకా దూరం.

మధ్యాహ్నం పాపని భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాను. నా మెడ మీద దాని ఊపిరి తగులుతోంది. వాగు వైపు నుంచి తెక్వానే వచ్చింది, ముక్కున ఏదో పట్టుకుని, సూటిగా మా కప్పు మీదికే. దాని గొంతు కదిలింది. ఒక అరుపు. రెండో అరుపు. పేడముద్ద కోసం చెయ్యి దానంతట అదే కిందికి పోయింది.

ఆ చెయ్యితో టోపీ తీశాను.

"మెల్లిగా బావా," అన్నాను. "పాప నిద్రపోతోంది."